పిడికెడు జాయింట్లు

పోయినవారం ఫ్లోరా భిలాయి మరోదాలో విలియం ఇంటి గేటు పట్టుకుని నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది. ఆమె మొగుడు రవి కుమార్‌ని ఆ మధ్యాహ్నమే వర్క్‌షాపులోంచి తీసేశారు. ఏ లిస్టు చూసి తీసేశారో ఆ లిస్టు కంప్యూటర్లోంచి బయటికి తెచ్చింది విలియం కూతురు షీబా. ఫ్లోరా ఆ పిల్లతో ఒక్క మాటే అంది. “మీ డాడీ పేరుమీదున్న జాయింట్లు ఎవులు పెట్టినారో ఓపాలి ఆయన్నే అడుగమ్మా.” అనేసి గేటు వేసి వెళ్లిపోయింది.

లిస్టేమిటి, జాయింట్లేమిటి అనేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. గురునాథరావు ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్మన్‌గా చేసి రిటైరయ్యాక, ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల షెడ్డు వేసి ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు పెట్టాడు. కంపెనీలకు గొట్టాలూ, గ్యాస్ పోయే పెద్ద డక్టులూ వెల్డింగ్ చేసి ఇవ్వడం పని. జనం ఇప్పటికీ ఫోర్మన్‌గారనే పిలుస్తారు. ఒక్క ఆర్డరైనా చెప్పిన రోజుకి ఇచ్చిన పాపాన పోలేదాయన. ఆలస్యమైనప్పుడల్లా వెల్డర్ల తాతముత్తాతల్ని తలుచుకునేవాడు. అలాంటి చోటికి ఎంసీఏ చదివిన షీబా వచ్చింది. “బిల్లులు కొట్టుకోడానికే అయితే కంప్యూటర్ దండగ అంకుల్. ఏ పని ఎక్కడ ఆగిపోతోందో అది చెప్పాలి” అంది. ప్రతి మనిషి మెడలో ఒక కార్డు, ప్రతి జాయింటుకి, అంటే వెల్డింగ్ చేసిన ప్రతి అతుకుకీ, ఒక స్టిక్కరు, పని అయ్యాక స్కానర్‌తో ఒక కూత. ఎవరి జాయింటు వాళ్ల పేరుమీద పడుతుంది.

అప్పుడు తెలిసింది, వెల్డర్లు ఖాళీగా కూచుంటున్నది ఒళ్లు బరువై కాదని. కటింగ్ దగ్గర్నుంచి ప్లేట్లు రావు. వచ్చినా ఎత్తడానికి క్రేన్ రాదు. షీబా కటింగ్ వరస మార్పించింది, క్రేన్‌కి వంతులు పెట్టించింది. సరుకు చెప్పిన రోజుకి బండెక్కడం మొదలైంది. ఆ మంచి ఆ పిల్లదే, ఎవరూ కాదనరు. చిక్కల్లా ఆ తరవాత వచ్చింది. పనిని చూడ్డానికి పెట్టిన కళ్లజోడుతో మనుషుల్ని చూడాలనిపించింది ఫోర్మన్‌గారికి. ఎవడెక్కువ చేస్తున్నాడు, ఎవడు తక్కువ చేస్తున్నాడు తియ్యమన్నాడు. షీబా ఒక బటన్ నొక్కింది. నెలనెలా వచ్చే ఆ లిస్టులో అందరికన్నా పైన తన తండ్రి పేరు. అందరికన్నా కింద రవి కుమార్ పేరు. రవి ఉద్యోగం పోయినందుకు కొంచెం బాధపడి, తండ్రి పేరు చూసుకుని చాలా మురిసిపోయింది.

ఫ్లోరా వచ్చి వెళ్లిన రాత్రి షీబా తండ్రిని ఏమీ అడగలేదు. అడగడానికి భయమేసింది.

తెల్లారింది. విలియం భార్య కాంతం వంటింట్లో బియ్యం కొలుస్తోంది. కడిగేముందు ఒక పిడికెడు తీసి, అటక మీది పాత డబ్బాలో వేసింది. ఆమె తల్లీ అలాగే వేసేది. ఆదివారం అందరిళ్లలోని డబ్బాలూ చర్చికి వెళతాయి. ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగడం కష్టంగా ఉందో వాళ్లకి ఆ బియ్యం చేరతాయి. ఎవరు ఎంత వేశారని అడగడం లేదు, ఎవరు తిన్నారని చెప్పుకోవడమూ లేదు.

విలియం వసారాలో కూచున్నాడు. పక్కన స్టూలు మీద టీ గ్లాసు చల్లారిపోతోంది.

“డాడీ, టీ తాగు.”

“తాగుతాను. నువ్వెల్లి తయారవ్వు.”

“నా ముందు తాగు.”

విలియం కూతురు ముఖంలోకి చూశాడు. ఇంక తప్పదని అర్థమైంది. గ్లాసు పట్టుకున్నాడు. ఎత్తకముందే అది స్టూలు మీద టకటకలాడింది. ఎత్తాక టీ లుంగీ మీదా, నేల మీదా పడింది. నోటికి చేరింది సగమే.

షీబా నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది. తండ్రి ఈమధ్య గడ్డం పెంచాడు. ‘పాస్టర్‌గారిలా ఉన్నావు’ అని తనే ఆట పట్టించింది. రేజరు పట్టుకోలేక పెంచాడని తట్టనేలేదు. వర్క్‌షాపులో ఆమె కూచునేది అద్దాల గదిలో. అద్దంలోంచి షెడ్డు మొత్తం కనబడుతుంది. ఎదురుగా స్క్రీన్ ఉండగా అద్దంవైపు ఎవరు చూస్తారు!

“ఎప్పట్నుంచి?”

విలియం గ్లాసు స్టూలు మీద పెట్టేశాడు. వంటింట్లోంచి కాంతం చెప్పింది. “కిస్మస్‌కి ముందునుంచే. నరాల జబ్బన్నాడు డాక్టరు. తగ్గేది గాదంట. నీకు మాత్తరం సెప్పొద్దన్నాడు మీ డాడీ.”

“మరి ఆ జాయింట్లు? సచ్ బోలో డాడీ, నిజం చెప్పు. ఎవరు పెట్టారు?”

విలియం తడిసిన లుంగీని చేత్తో దులుపుకున్నాడు. ఆ చెయ్యీ వణికింది.

“నీ మిషను రాకముందు ఎవుడి పని ఎవుడిదని రాసేవోళ్లు నేరమ్మా. నా సెయ్యి మాట ఇనడం మానీసిన కాడ్నుంచి, నా సేతిలో వెల్డింగ్ హోల్డరు రవి తీసీసుకున్నాడు. నువ్వు సూస్తుండు సాలు మావా అన్నాడు. నాను గ్రైండర్ కాడ కూకుంతాను, వేడెక్కువైతే సెప్తాను, కుర్రోళ్లకి రాడ్డు ఎలా నడపాలో సెప్తాను. ఎవుడికీ లోటు లేకుండా జరిగిపోనాది. అప్పుడు నువ్వొచ్చి మెడల్లో కార్డులేసినావు.”

“అయితే?”

“అయితే ఏటి? మొదటి రోజు నా కార్డు మీద ఒక్కటీ నేదు. అన్నాలకాడ రవి అన్నాడు, మనిళ్లల్లో ఆడోళ్లు పిడికెడు తీస్తారు గదా, మనవూ తీద్దారని. మడిసికో జాయింటు. షిఫ్టు దిగినప్పుడు నా కార్డు మీద ఏసీడమే. అందరూ ఒప్పుకున్నారు.”

“అంతేనా? మనిషికొకటైతే నువ్వు పైకెలా వెళ్లావు?”

“పిడికెడు ఏసినోడు లెక్కెట్టుకోడు గదమ్మా” అన్నాడు విలియం. “ఒకడేసినాడని ఇంకొకడికి తెలీదు. రవికి పని నేర్పినాను, ఆడు మరీ ఏసీసినాడు. ఆడి పేరుమీద ఏటి మిగిలిందో ఆడే సూసుకోనేదు.”

మేలు చెయ్యబోతే కీడెదురవడమంటే ఇదే. మధ్యలో ఎక్కడో కనబడకుండా ఉంటే చాలనుకున్న మనిషిని అందరూ కలిసి శిఖరం ఎక్కించేశారు. ఎక్కించినవాడు కిందపడ్డాడు.

“నాతో చెప్పొచ్చు కదా డాడీ! నేనేం పరాయిదాన్నా?”

“నీతోనే సెప్పలేకపోనాను. ఫోర్మన్‌గారు తిడితే పడతాను. నా కూతురు తీసిన లిస్టులో నా పేరు అట్టడుగున ఉంటే ఎలా సూస్తాను? ఈ బిలాయిలో నాకు సదువు నేదు, ఇల్లు నేదు. విలియం సెయ్యి మంచిదన్న పేరొక్కటే ఉంది.”

షీబాకి తండ్రి మీద కోపం వచ్చింది. దాని వెనకే సిగ్గు వచ్చింది. కోపం పోయాక కూడా సిగ్గు పోలేదు.

“ఇవాళ కొత్త ఆర్డరు కోసం కంపెనీ నుంచి ఛాయా మేడమ్ వస్తోంది. నంబర్‌వన్ వెల్డర్ నా కళ్లముందు టెస్ట్ ప్లేటు మీద జాయింటు పెట్టాలంది. నీ పేరే పంపాం. ఏం చేస్తావు?”

“ఎల్తాను. ఒక్క ప్లేటే గదా. దేవుడు సూసుకుంతాడు.”

“నేను ఫోర్మన్‌గారికి చెప్పేస్తాను.”

“సెప్పు” అన్నాడు విలియం. “అబద్ధం కార్డేసినోళ్లు రవి ఒక్కడే గాదు, అందరూని. అందరి ఇళ్లల్లోనూ పొయ్యి ఆరిపోతాది. ఆలోసించుకుని సెప్పు.”

కాంతం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె చేతికి ఇంకా బియ్యపు పిండి అంటుకునే ఉంది. “ఇద్దరూ ఏటైనా తిని ఎల్లండి” అంది. ఇద్దరూ తినలేదు.

షీబా చెప్పేసింది. గురునాథరావు తన గది తలుపు వేసి మొత్తం విన్నాడు. విన్నంతసేపూ ఆయన ముఖం రంగు మారుతూనే ఉంది. ఈ కొత్త ఆర్డరు రాకపోతే వానాకాలం లోపలే షెడ్డుకి తాళం పడుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, షీబాకీ తెలుసు.

“ఎవరితోనైనా అన్నావా తల్లీ?”

“లేదు అంకుల్.”

“అనకు. నేను చూసుకుంటాను. నువ్వు స్కానర్ పట్టుకుని నిలబడు, అంతే.” ఫోన్ తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లిపోయాడు. ఎవరికి చేశాడో షీబాకి అప్పుడు తెలియలేదు.

ఛాయ వచ్చింది. రాయ్‌పూర్ దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఉక్కు కంపెనీకి ఇన్‌స్పెక్టరు. వెడల్పు ముఖం, మట్టి కొట్టుకున్న సేఫ్టీ బూట్లు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడని మనిషి. షీబా అంటే మాత్రం ఆమెకి ముచ్చట. భుజం తట్టి హిందీలో, “నీ సిస్టమ్‌ని మా మేనేజర్‌కి కూడా చూపించాను. చిన్న షాపులో ఇంత పని చేశారా అన్నాడు” అంది. ఇంకోరోజైతే షీబా నేలమీద నిలిచేది కాదు. ఇవాళ నేల ఎక్కడైనా విచ్చుకుంటే బాగుండుననిపించింది.

షెడ్డు మధ్యలో టెస్ట్ ప్లేటు బిగించి ఉంది. వెల్డర్లందరూ దూరంగా గోడవారన నిలబడ్డారు. ఒక్కడూ తలెత్తడం లేదు. పక్క తలుపులోంచి ఒక మనిషి వచ్చాడు. తోలు జాకెట్టు, చేతులకి గ్లవ్స్, ముఖం మీదికి దించేసిన నల్ల అద్దం హెల్మెట్. మెడలో విలియం కార్డు. ప్లేటు ముందు కూచుని, హోల్డర్‌కి రాడ్డు తగిలించి, చెయ్యి ఎత్తి సిద్ధంగా పెట్టాడు.

“మొదలెట్టు విలియం” అన్నాడు గురునాథరావు. గొంతు కొంచెం ఎక్కువగా గట్టిగా వచ్చింది.

షీబా ఆ ఎత్తిన చేతివైపు చూసింది. రాడ్డు కొస కదలడం లేదు. పొద్దున్న టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి కాదది.

“స్కాన్ కరో షీబా” అంది ఛాయ.

స్కానర్ తన చేతిలోనే ఉంది. ఒక్క కూత కూస్తే చాలు. రవికి ఉద్యోగం తిరిగొస్తుంది, అందుకే కదా పిలిస్తే వచ్చాడు. తండ్రి పేరు నిలబడుతుంది. షెడ్డు నిలబడుతుంది. అందరూ తలా పిడికెడు వేశారు. ఇన్నాళ్లూ తనని ఎవరూ అడగలేదు. ఇప్పుడు తన వంతు వచ్చింది. షీబాకి వెయ్యాలనే ఉంది. అబద్ధమెందుకు, చెయ్యి సగం లేచింది కూడా.

అప్పుడు గుర్తొచ్చింది పోయిన నెల పంపిన గ్యాస్ డక్టు. జాయింటు లోపల లోపముందో లేదో ఎక్స్‌రే తియ్యాలంటే రోజులు పడతాయి. ‘నంబర్‌వన్ వెల్డర్ పెట్టినవాటికి అన్ని ఎక్స్‌రేలెందుకు, తగ్గిస్తే సరుకు ముందే వెళుతుంది’ అని చెప్పింది షీబాయే. లిస్టు చూసి సరేనంది ఛాయ. తెలివైన ఆలోచన అని ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు.

స్కానర్ బల్లమీద పెట్టేసింది.

“రవి భయ్యా, హెల్మెట్ తియ్యి.”

 గురునాథరావు కళ్లు మూసుకున్నాడు. ఆ మనిషి హెల్మెట్ పైకెత్తాడు. రవి కుమార్ ముఖమంతా చెమట.

ఛాయ కార్డు మీది ఫొటో చూసింది, మనిషిని చూసింది. “యే కౌన్ హై?”

“మా లిస్టులో అందరికన్నా ఆఖర్న ఉన్నతను మేడమ్” అంది షీబా. “ఇక్కడ అందరికన్నా పని బాగా వచ్చిందీ ఇతనికే.” తండ్రి చెయ్యి సంగతీ, పిడికెడు సంగతీ, తను నొక్కిన బటన్ సంగతీ మొత్తం చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది, తుడుచుకోలేదు.

ఛాయ స్టూలు లాక్కుని కూచుంది. కోప్పడితే వినడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ఆమె చాలా మెల్లగా అడిగింది. “ఆర్డరు మాట తరవాత. ఆ డక్టులో విలియం పేరుమీద ఉన్న జాయింట్లున్నాయి. ఎక్స్‌రే తగ్గించమని నువ్వన్నావు, సంతకం నేను పెట్టాను. వాటిలో నిజంగా విలియం చేత్తో పెట్టినవేమైనా ఉన్నాయా?”

రవి లేచి నిలబడ్డాడు. “ఒక్కటీ లేదు మేడమ్. మావయ్యని హోల్డర్ ముట్టుకోనివ్వలేదు మేము. ఏసు సాక్షిగా చెప్తున్నాను. అన్నీ బాగా చెయ్యి తిరిగినోళ్లం పెట్టినవే.” గోడవారన ఉన్నవాళ్లు కూడా తలలూపారు. ఛాయ గట్టిగా ఊపిరి వదిలింది. షీబాకి కూడా ఆ పొద్దున్నుంచీ మొదటిసారి ఊపిరాడింది.

“ఉన్నాయి” అంది ఒక గొంతు.

విలియం గ్రైండర్ బల్ల వెనక నుంచి వచ్చాడు. వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు.

“ఏటి మావా నువ్వు!” అన్నాడు రవి. “నువ్వెప్పుడు పెట్టినావు?”

“మనతో పని సేసిన ధర్మారావు పోయినప్పుడు మీరందరూ దుర్గ్ ఎల్లినారు, శివనాథ్ నది ఒడ్డుకి, దహనానికి. ఫోర్మన్‌గారు ఫోన్ మీద ఫోన్. డక్టు బండెక్కాలి, ఎవుడైనా ఉంటే పూర్తి సెయ్యండ్రా అని. ఎవుడున్నాడు? నానున్నాను.” విలియం కూతురివైపు తిరిగాడు. “ఆ వేళ సెయ్యి మాట ఇన్నట్టే ఉందమ్మా. అద్దంలోంచి సూస్తే బాగానే అవుపించినాయి. ఎవుడూ నేడు గదా, ఓపాలి సూద్దారి అనుకున్నాను. నా పని నా పేరుమీద ఏసుకుని ఎన్నాళ్లయినాదో.”

రవి ప్లేటు ముందు మళ్లీ కూలబడ్డాడు. హెల్మెట్ చేతిలోంచి జారి కిందపడింది, తీసుకోలేదు.

ఛాయ అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుని ఉంది. మాట్లాడుతున్నకొద్దీ ఆమె కనుబొమలు దగ్గరపడ్డాయి. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి అంది, “డక్టు బిగించేశారు. ఇవాళ రెండో షిఫ్టుకి గ్యాస్ వదులుతున్నారు. కింద మనుషులు నడిచే దారి. చిన్న షాపులో ఒక కుర్రపిల్ల మాటకి లైను మొత్తం ఆపరట. ఏ జాయింటో చెబితే దానికి మనిషిని పంపుతారట.”

‘కుర్రపిల్ల’ అన్నది షీబాని. 

షీబా ట్యాబ్ తీసింది. అదే కదా ఆ సిస్టమ్ గొప్పతనం, ఏ జాయింటు ఏ రోజుదో, ఎవరిదో క్షణంలో చెబుతుంది. ధర్మారావు పోయిన రోజు వెతికింది. ఖాళీ. ఆ రోజు ఊరంతా నెట్ లేదు. మర్నాడు పొద్దున్నే, దుర్గ్ వెళ్లేముందు పెట్టినవీ ఆ తరవాతవీ, మిగిలిపోయినవన్నీ కలిపి ఒకేసారి వేశారు. రవి వేసిన పిడికెళ్లు, మిగతావాళ్లు వేసినవి, విలియం తన కోసం తను వేసుకున్నవి, అన్నీ ఒకే రాశిలో పడ్డాయి. డక్టు బొమ్మ తెరిస్తే జాయింట్లన్నిటి మీదా పచ్చ టిక్కులు. దేన్ని ముట్టుకున్నా ఒకే పేరు. విలియం. విలియం. విలియం.

“డాడీ, నువ్వే చెప్పాలి. ఏవి?”

“వంపు కాడ” అన్నాడు విలియం. “వంపు తిరిగిన కాడే. సూపిస్తాను.”

ట్యాబ్ ముందు పెట్టింది. బొమ్మలో వంపు దగ్గర జాయింట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. విలియం చూపుడువేలు చాచాడు. వేలు ఒక జాయింటు మీద పడింది, పక్కదానికి జారింది, వెనక్కి వచ్చింది. తాకిన ప్రతిచోటా పేరు వెలుగుతోంది, ఆరుతోంది.

“ఇదా? ఇదా డాడీ?”

“ఉండమ్మా. ఉండు.” విలియం నుదుటి మీద నరాలు ఉబ్బాయి. చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది.

షీబా తండ్రి మణికట్టు పట్టుకుంది. వేలు ఆగింది. ఒక జాయింటు మీద, కదలకుండా ఆగింది. షెడ్డంతా ఆ వేలి చివరనే చూస్తోంది. ఛాయ ఫోన్లోకి ‘మిల్ గయా’, దొరికిందని అనబోయింది.

 ఆ వేలు ఆగింది షీబా పట్టుకున్న చోట. చూపిస్తున్నది తండ్రి కాదు, తను.

మెల్లగా చెయ్యి వదిలేసింది. వేలు మళ్లీ వంపు మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

“బోలో” అంది ఛాయ, ఫోన్ చెవినుంచి తియ్యకుండానే. “కౌన్‌సా? ఏ జాయింటు?”